అలెన్ బోల్టు తలమీద అంకె

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లి ‘ఎం10 అలెన్ బోల్టు, 40 పొడవు’ అని అడిగితే గ్రేడు ఏమిటని చాలాచోట్ల ఎదురు అడగరు. నల్లగా, నూనె మెరుపుతో ఉన్న 12.9 బోల్టు తీసి బల్ల మీద పెడతారు. అదే కొలతలో పానా పట్టే ఆరుపలకల బోల్టు అడిగి చూడండి, ‘మామూలుదా, హెచ్‌టీనా (హై టెన్సైల్)?’ అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. మర ఒకటే, లావు ఒకటే, తల మాత్రమే వేరు. ఒకదానికి గ్రేడు ఎంచుకోవాలనీ, రెండోదానికి అక్కర్లేదనీ బజారు తీర్మానించేసుకుంది. ఆ అలవాటు వెనక బలమైన కారణమే ఉంది. అయితే ఆ కారణం వర్తించని పనులకు కూడా 12.9నే వాడుతున్నాం. కొన్నిచోట్ల దానివల్ల డబ్బు వృథా, కొన్నిచోట్ల ప్రమాదం.

తలలో గుంట పెట్టాలన్న ఆలోచన మొదట బలం కోసం పుట్టలేదు. 20వ శతాబ్దం ఆరంభంలో ఫ్యాక్టరీలు లైన్ షాఫ్టులు, పుల్లీలు, తోలు బెల్టుల మీద నడిచేవి. పుల్లీని షాఫ్టుకు పట్టి ఉంచే సెట్ స్క్రూల చదరపు తలలు బయటికి పొడుచుకొచ్చి, పుల్లీతోపాటే తిరుగుతూ, కార్మికుల బట్టల్ని పట్టి లాగేవి. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రపు హార్ట్‌ఫర్డ్‌లో విలియం అలెన్ ఆరుపలకల దిమ్మ చుట్టూ చల్లని ఉక్కును అదిమి గుంట చేసే పద్ధతికి 1910లో పేటెంటు పొంది, ఆ స్క్రూను ‘సేఫ్టీ సెట్ స్క్రూ’గా అమ్మాడు. పైకి ఏమీ పొడుచుకు రాదు, కాబట్టి బట్ట చిక్కదు. తర్వాత స్టాండర్డ్ ప్రెస్డ్ స్టీల్ కంపెనీ అన్‌బ్రాకో పేరుతో, జర్మనీలో నాయ్స్ పట్టణపు బాయర్ ఉండ్ షౌర్టె సంస్థ 1936 నుంచి ఇన్‌బుస్ పేరుతో అదే గుంటను తమ దారిలో నడిపించాయి. యంత్రాలు చిన్నవై, బోల్టు తలకు పానా తిప్పే జాగా కూడా లేని రోజులు వచ్చేసరికి ఈ స్క్రూ గిరాకీ ఒక్కసారిగా పెరిగింది.

గట్టి ఉక్కు అవసరం అక్కడినుంచే మొదలైంది. ఐఎస్ఓ 4762 ప్రకారం (మన ఐఎస్ 2269 కూడా ఆ దారిదే, పాత డ్రాయింగుల్లో డిన్ 912 అని కనిపిస్తుంది) ఎం10 అలెన్ బోల్టు తల వ్యాసం 16 మిల్లీమీటర్లు, ఎత్తు 10. దానిలో కీ దూరే గుంట 8 మిల్లీమీటర్లది. మూల నుంచి మూలకు కొలిస్తే 9.2 పైచిలుకు. అంటే గుంట చుట్టూ మిగిలిన గోడ మందం 3.4 మిల్లీమీటర్లు. మామూలు బోల్టును 17 పానా బయటినుంచి పట్టుకుంటుంది, బలం వెడల్పైన పలకల మీద పడుతుంది. అలెన్ బోల్టులో అదే మెలికను 8 మిల్లీమీటర్ల గుంట అంచులు మోయాలి. మెత్తని ఉక్కు అయితే ఆ అంచులు రెండు బిగింపుల్లో గుండ్రమైపోతాయి. బోల్టు కాడ కోసం కాకపోయినా గుంట కోసమైనా ఉక్కు గట్టిదై ఉండాలి. ఈ తల, 12.9 అంకె జంటగా ఎదగడానికి అసలు కారణం ఇదే.

ఇక ఆ అంకె సంగతి. 12.9లో మొదటి భాగాన్ని 100తో గుణిస్తే ఉక్కు తెగే బలం మెగాపాస్కల్‌లలో వస్తుంది: 1200. రెండో భాగం, తెగే బలంలో ఎన్నో వంతు దగ్గర ఉక్కు శాశ్వతంగా సాగడం మొదలవుతుందో చెబుతుంది: 0.9 వంతు, అంటే 1080. 10.9కి 1000, 900. 8.8కి 800, 640. ఇవి నామమాత్రపు అంకెలు. ఐఎస్ఓ 898–1 పట్టికలో కనీస విలువలు కాస్త ఎక్కువే ఉంటాయి: 12.9కి 1220, 10.9కి 1040. ఎం10 మర అడ్డుకోత వైశాల్యం 58 చదరపు మిల్లీమీటర్లు. దాంతో గుణిస్తే 8.8 బోల్టు సుమారు 46 కిలోన్యూటన్ల దగ్గర, 10.9 బోల్టు 60 దగ్గర, 12.9 బోల్టు 71 దగ్గర తెగాలి. 46 కిలోన్యూటన్లంటే నాలుగున్నర టన్నులకు పైగా బరువు. ఇక్కడ ఒక పోలిక చూడాలి. 8.8లోనే ఎం12 తీసుకుంటే 67 కిలోన్యూటన్లు వస్తుంది. జాగా ఉన్నచోట గ్రేడు పెంచడానికి బదులు ఒక సైజు పెంచితే దాదాపు అదే బలం దొరుకుతుంది. 12.9 వల్ల వచ్చే చిక్కులేవీ ఉండవు. బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న కేంద్ర టూల్ డిజైన్ సంస్థ చుట్టుపక్కల ప్రెస్ టూల్స్, మౌల్డులు చేసే షాపుల్లో ఆ జాగా ఉండదు. ప్లేటులో కౌంటర్‌బోర్ చేసి తలను లోపలికి దించాలి. 12.9కి అసలైన ఇల్లు అలాంటి చోటే.

అలెన్ కీతో బిగించేవన్నీ ఒకే జాతివి కావు. బటన్ హెడ్‌ను చూడండి. గుండ్రని పల్చని తల, అందంగా ఉంటుంది, చెయ్యి గీసుకోదు. ఎం10 బటన్ హెడ్‌కు కీ 6 మిల్లీమీటర్లే. కీ మెలికను తట్టుకునే శక్తి దాని కొలత ఘనాన్ని బట్టి మారుతుంది. 8 నుంచి 6కి దిగితే మిగిలేది 42 శాతం. పైగా పల్చటి తల, కాడ కలిసే మెడ దగ్గర ఉక్కు తక్కువ. అందుకే ఐఎస్ఓ 7380 బటన్ హెడ్‌కు, ఐఎస్ఓ 10642 కౌంటర్‌సంక్ తలకు తెగే బరువును పూర్తి తల బోల్టులో సుమారు 80 శాతంగా పెట్టారు. ఈ తగ్గింపు కనిపించేలా గుర్తు ముందు సున్నా చేర్చమన్నారు: 08.8, 010.9, 012.9. ఆ సున్నా చిన్నదే గానీ చెప్పే మాట పెద్దది: ఉక్కు 10.9దే, బోల్టు మాత్రం 10.9 బోల్టు కాదు. బజారులో దొరికే బటన్ హెడ్‌ల మీద ఈ సున్నా చాలాసార్లు ఉండదు. బటన్ హెడ్‌ను మూతలకు, గార్డులకు వాడాలి. మెషిన్ బెడ్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చోట దాన్ని పెట్టడం తప్పు, తల మీద ఏ అంకె ఉన్నా సరే. డిన్ 7984 తక్కువ ఎత్తు తల కూడా ఇలా బలం తగ్గిన రకమే.

గ్రబ్ స్క్రూకు ఈ అంకెల పద్ధతే వర్తించదు. తల ఉండదు, దాన్ని ఎవరూ లాగరు. అది నెట్టడానికి పుట్టింది. అందుకే దాని గ్రేడు తెగే బలం మీద కాక కాఠిన్యం మీద ఆధారపడుతుంది. ఐఎస్ఓ 898–5లో 45 హెచ్ అంటే వికర్స్ కొలతలో కనీసం 450. షాఫ్టులోకి కొరుక్కునే కప్ పాయింట్, షాఫ్టు మీద గీత పడకూడదనుకుంటే ఫ్లాట్ పాయింట్, ముందే చేసిన గుంటలో కూర్చునే కోన్ పాయింట్, గాడిలో నిలబడే డాగ్ పాయింట్. గ్రబ్ స్క్రూను బోల్టులా లాగే చోట వాడకూడదన్న ఒక్క మాట గుర్తుంటే చాలు. ఎం10 గ్రబ్ స్క్రూకు కీ 5 మిల్లీమీటర్లే కాబట్టి, మెలిక ఎక్కువ మోసే పుల్లీకి కీవే కోయించడమే మేలు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 12.9 కొని, దాని బలాన్ని ఎంతమంది వాడుకుంటున్నారు? ఎం10 12.9 బోల్టును సరిగ్గా బిగించాలంటే మామూలు నూనె ఘర్షణలో దాదాపు 80 న్యూటన్ మీటర్ల మెలిక కావాలి. 8.8కి 48 దగ్గర సరిపోతుంది. 8 మిల్లీమీటర్ల అలెన్ కీ పొడవు చేయి సుమారు 100 మిల్లీమీటర్లు. దాని చివర 80 న్యూటన్ మీటర్లు రావాలంటే 80 కిలోల బరువంత బలంతో లాగాలి. మనిషి అంతా వేలాడినా కష్టం. పైపు దూర్చి లాగితే మెలిక వస్తుంది, కానీ ఎంత వచ్చిందో తెలియదు, కీ వంగుతుంది, గుంట చెడుతుంది. టార్క్ రెంచ్ లేని షాపులో 12.9 బోల్టు చాలాసార్లు 8.8 బిగింపులోనే, ఒక్కోసారి అంతకన్నా వదులుగా ఉంటుంది. అలా బిగించినప్పుడు అది 8.8 కన్నా గట్టిగా పట్టి ఉంచదు. ఉక్కు సాగే గుణం అన్ని గ్రేడులకూ ఒకటే, దాదాపు 205 గిగాపాస్కల్. గ్రేడు పెరిగితే బోల్టు ‘బిరుసు’ పెరగదు, ఎక్కువ బిగించుకునే అవకాశం మాత్రమే పెరుగుతుంది.

అదురు తట్టుకోవడం కోసం 12.9 వేశామని కొందరు అంటారు. ఈ మాటను జాగ్రత్తగా చూడాలి. వేడి చికిత్సకు ముందే రోల్ చేసిన మరలు ఎన్నిసార్లు లాగినా అలసటతో పగలకుండా నిలిచే హద్దు గ్రేడును బట్టి దాదాపు మారదు. జర్మనీ వీడీఐ 2230 సూత్రంలో ఆ హద్దు వ్యాసం మీదే ఆధారపడుతుంది. ఎం10కి అది అటూ ఇటూ 50 మెగాపాస్కల్. 8.8 అయినా అంతే, 12.9 అయినా అంతే. మరి 12.9 ఉపయోగం ఏమిటి? ఎక్కువ బిగిస్తే జోడించిన ముక్కలు ఎక్కువ నొక్కుకుని, బయటి అదురులో తక్కువ వాటా మాత్రమే బోల్టు దాకా చేరుతుంది. బిగించకపోతే ఆ లాభం లేదు. తల కింద స్ప్రింగ్ వాషర్ పెట్టి నిశ్చింతగా ఉండే అలవాటు కూడా ఇక్కడే చర్చకు రావాలి. 40 కిలోన్యూటన్ల బిగింపు ముందు ఆ వాషర్ ఎప్పుడో చదునైపోయి ఉంటుంది. ఆ తర్వాత అది మామూలు వాషర్ కన్నా ఎక్కువేమీ చేయదు. డిన్ 127 స్ప్రింగ్ వాషర్ ప్రమాణాన్ని జర్మనీ ఉపసంహరించుకుంది. మన దుకాణాల్లో మాత్రం అలెన్ బోల్టుకు తోడుగా దాన్ని ఇంకా అమ్ముతూనే ఉన్నారు.

మర పట్టే రెండో వైపు కూడా చూడాలి. 12.9 బోల్టును 8 గ్రేడు నట్టుతో బిగిస్తే బోల్టుకు ఏమీ కాదు, నట్టు లోపలి మర ఊడిపోతుంది. దానికి 12 గ్రేడు నట్టు కావాలి. అల్యూమినియం బాడీలో ట్యాప్ చేసిన రంధ్రంలోకి వెళ్లే బోల్టు లోతు కనీసం వ్యాసానికి రెండింతలు ఉండాలి. ఒక్క వ్యాసం లోతే ఉన్నచోట 12.9 అయినా 8.8 అయినా ముందు పోయేది అల్యూమినియం మరే. తల కింద ఒత్తిడి కూడా అంతే. పూర్తిగా బిగించిన 12.9 ఎం10 తల కింద చదరపు మిల్లీమీటరుకు దాదాపు 400 న్యూటన్లు పడతాయి. మెత్తని అల్యూమినియం పోతల్లో తల లోపలికి కూరుకుపోతుంది, బిగింపు సడలుతుంది. గట్టి వాషర్ లేకుండా అలాంటి చోట 12.9 పెట్టడంలో అర్థం లేదు.

ఇక ఉక్కు. అలెన్ బోల్టులన్నింటినీ ‘కార్బన్ స్టీల్’ అని అమ్మేస్తారు. 8.8కి, 10.9కి బోరాన్, మాంగనీస్, క్రోమియం కలిపిన కార్బన్ స్టీల్ చాలు. 12.9కి ఐఎస్ఓ 898–1 అడిగేది మిశ్రమ ఉక్కు. క్రోమియం, నికెల్, మాలిబ్డినం, వనేడియం వంటివాటిలో ఏదో ఒకటి నిర్ణీత మోతాదులో ఉండి, చల్లార్చి, కనీసం 425 డిగ్రీల దగ్గర టెంపర్ చేయాలి. జపాన్ వాళ్ల ఎస్‌సీఎం435 లాంటి క్రోమ్–మాలీ ఉక్కు ఇందుకు బాగా వాడుకలో ఉంది. కానీ ప్రమాణం ఇంకో తలుపు కూడా తెరిచి ఉంచింది: బోరాన్ వంటివి కలిపిన కార్బన్ స్టీల్‌తోనూ, 380 డిగ్రీల టెంపరింగ్‌తోనూ 12.9 చేయవచ్చు, కానీ అంకె కింద గీత గీయాలి. గీత ఉన్న 12.9, గీత లేని 12.9 గది ఉష్ణోగ్రతలో లాగితే ఒకేలా తెగుతాయి. వేడి తగిలితే తేడా బయటపడుతుంది. తక్కువ వేడి దగ్గర టెంపర్ చేసిన ఉక్కు ముందుగా మెత్తబడుతుంది. ఆ గీతను చూసే అలవాటు మనకు లేదు.

ఇది పుస్తకాల తగువు అనుకోవద్దు. 1980లలో అమెరికా ఇదే చిక్కులో పడింది. ఎస్‌ఏఈ గ్రేడు 8 గుర్తు వేసి, నిజానికి తక్కువ వేడి దగ్గర టెంపర్ చేసిన బోరాన్ ఉక్కు 8.2 బోల్టులను అమ్మారు. కొత్తగా ఉన్నప్పుడు పరీక్షిస్తే రెండూ ఒకటే బలం. వేడెక్కే చోట మాత్రం 8.2 వదులైపోతుంది. కాంగ్రెస్ ఉపసంఘం 1988లో దీనిపై నివేదిక ఇచ్చింది, 1990లో ఫాస్టెనర్ క్వాలిటీ చట్టం వచ్చింది. తల మీద గుర్తు ఉన్నంత మాత్రాన సరిపోదనీ, ఆ గుర్తు ఎవరిదో తెలియాలనీ ఆ చట్టం ఉద్దేశం. మన కొనుగోళ్లలోనూ అదే కొలమానం పెట్టుకోవాలి. ఎం5 అంతకు మించిన, 8.8 అంతకు మించిన అలెన్ బోల్టుల మీద గ్రేడుతోపాటు తయారీదారు గుర్తు కూడా ఉండాలని ప్రమాణం చెబుతుంది. అంకె ఉండి తయారీదారు గుర్తు లేని బోల్టు ఎంత చవకైనా వద్దు.

అన్నిటికన్నా నిశ్శబ్దంగా ముంచేది హైడ్రోజన్. 12.9 కాఠిన్యం రాక్‌వెల్ సి కొలతలో 39 నుంచి 44. అంత గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ పరమాణువులు దూరితే, బిగింపు ఒత్తిడి ఎక్కువున్న చోట చేరి, లోపల పగులు మొదలుపెడతాయి. బోల్టు బిగించిన రోజు బాగానే ఉంటుంది. కొన్ని గంటలకో, రెండు మూడు రోజులకో తల టక్కున ఊడి పడుతుంది. ఆ హైడ్రోజన్ ఎక్కడిది? తుప్పు వదిలించే ఆమ్లపు తొట్టి నుంచి, జింక్ ప్లేటింగ్ తొట్టి నుంచి. ప్లేటింగ్ అయిన వెంటనే 190 నుంచి 220 డిగ్రీల దగ్గర గంటల తరబడి వేడి చేస్తే చాలావరకు బయటికి పోతుంది. చిన్న ప్లేటింగ్ షాపుల్లో ఆ వేడి పొయ్యే ఉండదు. ఉన్నా గంటలు లెక్కపెట్టరు. ‘నల్లది తుప్పు పడుతోంది, తెల్లగా జింక్ చేయించు’ అని 12.9 బోల్టుల్ని ప్లేటింగ్‌కు పంపే అలవాటు నాకు తెలిసిన చాలా షాపుల్లో ఉంది. నా మటుకు ఇదే 12.9 విషయంలో మనం చేసే అతిపెద్ద తప్పు.

పెద్ద కట్టడాలూ దీనికి అతీతం కాలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో–ఓక్లాండ్ బే బ్రిడ్జి కొత్త తూర్పు భాగంలో 2013 మార్చిలో 3 అంగుళాల వ్యాసం ఉన్న 96 గాల్వనైజ్డ్ రాడ్లను బిగిస్తే కొద్ది రోజుల్లోనే 32 తెగాయి. అవి అలెన్ బోల్టులు కావు, బలం కూడా 12.9 అంత లేదు, సుమారు 10.9 తరగతి. ఏళ్ల తరబడి రంధ్రాల్లో నీళ్లు నిలిచి ఉండటం వాటిని పాడుచేసింది. గ్రేడు కాస్త తక్కువైనా ఇంత జరిగిందంటే, జింక్ వేసిన 12.9 బోల్టును వానలో వదిలెయ్యడం ఎంత సాహసమో ఆలోచించండి. మరి బయట వాడాల్సి వస్తే? గ్రేడు తగ్గించి 8.8 తీసుకుని సైజు పెంచడం మొదటి మార్గం. విద్యుత్తుతో పనిలేని జింక్ ఫ్లేక్ పూత వేయించడం రెండోది. నల్ల ఆక్సైడ్ అనేది నూనెను పట్టి ఉంచే పొర మాత్రమే, తుప్పుకు కవచం కాదు.

‘తుప్పు సమస్య అయితే స్టెయిన్‌లెస్ పెట్టేస్తాం’ అనే మాట కూడా తరచూ వింటాం. ఎస్ఎస్ 304లో దొరికే ఏ2–70 అలెన్ బోల్టు తెగే బలం 700 మెగాపాస్కల్. ఎం10లో 41 కిలోన్యూటన్లు, 12.9లో సగం కన్నా కాస్త ఎక్కువ, 8.8 కన్నా తక్కువ. మెరుపు చూసి ఇదే గట్టిదనుకునే వాళ్లు ఎందరో. అలాగే పాత బ్రిటిష్, అమెరికన్ యంత్రాల మరమ్మతులో అంగుళాల అలెన్ బోల్టులు వస్తే ఏఎస్‌టీఎం ఏ574 గుర్తుంచుకోవాలి. అర అంగుళం దాకా వాటి బలం 180 కేఎస్ఐ, అంటే సుమారు 1240 మెగాపాస్కల్. దాని స్థానంలో గ్రేడు 8 వేస్తే 150కి పడిపోతాం. కీల విషయంలోనూ గందరగోళం ఉంది. 5/16 అంగుళం కీ 7.94 మిల్లీమీటర్లు, 8 మిల్లీమీటర్ల గుంటలో పనిచేసినట్టే ఉంటుంది. పాతబడి అంచులు అరిగిన ఆ కీతో 12.9 బిగిస్తే గుంట చెడుతుంది. ఆపై దాన్ని తీయడానికి వెల్డింగ్ పెట్టి నట్టు అతికిస్తారు, ఆ వేడికి చుట్టుపక్కల ఉక్కు మెత్తబడుతుంది. అలా బయటికి తీసిన బోల్టును మళ్లీ వాడకూడదు.

ఇన్ని చూశాక నా తీర్పు ఇది. లోపలి జాగా తక్కువగా ఉన్న డైలు, ఫిక్చర్లు, హైడ్రాలిక్ బ్లాకుల్లో, టార్క్ రెంచ్ ఉన్నచోట, పొడి వాతావరణంలో 12.9 వాడండి. మిగతా పనుల్లో ఎక్కువ భాగానికి 8.8 లేదా 10.9 చాలు. అవి దుకాణంలో దొరకవని అనడం సరికాదు, అడగకపోవడం వల్లే నిల్వ పెట్టడం లేదు. డ్రాయింగులు గీసేవారికి, కొనుగోలు చూసేవారికి ఒక విన్నపం. ‘ఎం10 అలెన్ బోల్టు’ అని రాసి వదిలెయ్యకండి. వ్యాసం, పొడవు, ప్రమాణం సంఖ్య, గ్రేడు, పూత, అన్నీ రాయండి: ‘ఐఎస్ 2269, ఎం10 ఇంటూ 40, 8.8, జింక్ ఫ్లేక్’. ఒక వరుసకు మించి జాగా పట్టదు. వస్తువు చేతికి వచ్చాక తల మీద తయారీదారు గుర్తు ఉందో లేదో, 12.9 కింద గీత ఉందో లేదో చూసి, బిల్లు మీద సంతకం పెట్టండి.